చేతితో చేసే కొలబద్ద – మూడవ పాఠం: నగిషీ ముందు, గీత తరువాత

రెండవ పాఠం ముగిసేసరికి మీ చేతిలో 250 మిల్లీమీటర్ల పొడవు, 28 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం గల అంకుడు కర్ర బద్ద ఒకటి సిద్ధమై ఉండాలి. దాని ఒక అంచును కాగితానికి ఆనించి గీత గీసి, బద్దను బోర్లా తిప్పి అదే అంచుతో అదే చోట మళ్లీ గీసి, రెండు గీతలు ఒకటిగా కలిసేదాకా చిత్రిక పట్టారు. ఆ రెండు గీతల మధ్య కనిపించే సందు అంచులోని అసలు వంకరకు రెట్టింపు ఉంటుందని అప్పుడే చెప్పుకున్నాం. ఇప్పుడు బద్ద నున్నగా, తిన్నగా, ఖాళీగా ఉంది కాబట్టి వెంటనే అంగుళాల గీతలు గీసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి గీయకండి.

నా మొదటి కొలబద్దకు నేను ముందుగా గీతలే గీశాను. రెండు సాయంత్రాలు కూర్చుని, భూతద్దం పెట్టుకుని, ఒక్కొక్క గీతనూ కత్తి మొనతో కోసి, ఆ తరువాత అందం కోసం వెనుక అంచు పొడవునా రాగి తీగతో ఒక లత పొదిగాను. తీగను సుత్తితో గాడిలోకి దింపుతున్నంతసేపూ పని ముచ్చటగానే సాగింది. మరునాడు బల్ల మీద పెట్టి చూస్తే బద్ద విల్లులా వంగి ఉంది. గాడిలోకి దిగిన తీగ చీలలాగా పనిచేసి ఆ వైపు కర్రను పక్కలకు నెట్టింది, అటువైపు సాగింది, ఇటువైపు సాగలేదు. వంగిన అంచును మళ్లీ తిన్నగా చేయాలంటే చిత్రిక పట్టాలి, చిత్రిక పడితే గీతల మొదళ్లు పోతాయి. ఆ బద్ద ఇప్పటికీ నా దగ్గర పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకోవడానికి పనికివస్తోంది.

అందువల్ల ఈ పాఠంలో పని వరుస ఇది: ముందు నగిషీ, తరువాత అంచు సవరణ, అన్నిటికంటే చివర గీతలు. ఈ వరుస నేను కనిపెట్టింది కాదు. పశ్చిమాఫ్రికాలో నేటి ఘనా, ఐవరీ కోస్ట్ ప్రాంతాల అకాన్ ప్రజలు బంగారు పొడిని డబ్బుగా వాడిన కాలంలో, దాన్ని తూచడానికి మైనపు అచ్చు పద్ధతిలో ఇత్తడి తూనికరాళ్లు పోతపోసేవారు. పక్షులు, మొసళ్లు, మనుషులు, మెట్లమెట్లుగా ఉండే రేఖాచిత్రాలు, ఇలా ఎన్నో రూపాల్లో అవి ఉండేవి. బొమ్మ పోత ఎంత జాగ్రత్తగా పోసినా బరువు అనుకున్నంత ఖచ్చితంగా రాదు కదా. అందుకని పోత అయ్యాక తూచి, బరువు తగ్గితే కొంత సీసం చేర్చేవారు, ఎక్కువైతే బొమ్మలో ఒక కొసను విరిచేవారు లేదా అరగదీసేవారు. అటువంటి బొమ్మల్లో కాలు తెగిన జంతువు కనిపిస్తే అది పాతబడి విరిగిందని తొందరపడి అనుకోకూడదు, అది కొలత కోసం అందం చెల్లించిన మూల్యం కావచ్చు.

మన కుంచాన్నీ మానికనూ కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మా అమ్మమ్మగారి ఇంట్లోని ఇత్తడి మానికకు బయట పొట్ట చుట్టూ కట్లు, కట్ల మధ్య సన్నని గాట్ల వరుస ఉండేవి. లోపల మాత్రం అద్దంలా నునుపు, పైఅంచు మందంగా, ఏ పనితనమూ లేకుండా ఉండేది. నింపిన గింజలను అంచుకు సమంగా కర్రతో గీసినప్పుడు ఆ కర్ర ఎక్కడా తగులుకోకూడదు, లోపలి గోడకు గింజ అంటుకోకూడదు. బయట కట్లు ఉన్నది చెమట చేతిలోంచి జారిపోకుండా, పాత్ర సొట్టపడి కొలత మారకుండా. కళ్లంలో ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి లెక్కించే చేతులకు ఆ గాట్లు చీకట్లో కూడా తెలిసేవి. పనితనం కొలిచే చోట ఆగి, పట్టుకునే చోట మొదలవుతుంది. పాత కొలత పనిముట్లు నన్ను ఆకర్షించేది ఈ వివేకం వల్లనే, పురాతనమైనవి కావడం వల్ల కాదు. నిలువెల్లా చెక్కిన పూలతో గీతలు కనిపించని కొలబద్దలు కూడా దుకాణాల్లో దొరుకుతాయి, వాటిని గోడకు తగిలించుకోవచ్చు.

ఇక పనిలోకి వద్దాం. బద్దను అడ్డంగా పడుకోబెట్టి, మీరు తిన్నగా చేసిన అంచును మీ వైపు ఉంచుకోండి. ఆ అంచు నుంచి 14 మిల్లీమీటర్ల వరకు ఉన్న భాగం గీతలది, దాన్ని ముట్టుకోవద్దు. ఎదుటి అంచు దగ్గర 3 మిల్లీమీటర్లు వదిలేస్తే మధ్యలో 11 మిల్లీమీటర్ల పట్టీ మిగులుతుంది. నగిషీ అంతా ఆ పట్టీలోనే ఉంటుంది.

మనం చేయబోయేది తీగ పొదుగు. ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురిలో శీషం చెట్టు కర్రలో ఇత్తడి తీగను పొదిగే తార్‌కశీ అనే పని ఉంది. దానిలోని మొదటి మెట్టు మాత్రమే మనకు చాలు. ఇత్తడికి బదులు రాగిని ఎంచుకోండి, కొత్త చేతికి అది త్వరగా లొంగుతుంది. కరెంటు పని మిగిలిన చోట 1 మిల్లీమీటరు మందం గల ఒంటి తీగ ముక్కలు దొరుకుతాయి. పైనున్న ప్లాస్టిక్ తొడుగును కత్తితో ఒలవాలి తప్ప కాల్చకూడదు, ఆ పొగ విషం. ఒలిచిన రాగిని మంట మీద ఎర్రబడేదాకా కాచి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. ఇనుమును అలా ముంచితే బిగుస్తుందని తెలిసినవారికి ఇది వింతగా ఉంటుంది, కానీ రాగి గుణం వేరు. మెత్తబడిన తీగను దాగలి మీద, లేకపోతే ఏదైనా బరువైన ఇనుప దిమ్మె మీద పెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి పట్టీలా సాగదీయండి. అర మిల్లీమీటరు మందం వస్తే చాలు.

నమూనాను పెన్సిలుతో గీసుకున్నాక, సన్నని కత్తి మొనతో గీత వెంబడి 1 మిల్లీమీటరు లోతున కోయండి. ఒకేసారి కోయాలని బలం పెట్టకుండా మూడు నాలుగు సార్లు కత్తిని నడిపించాలి. పట్టీలా సాగిన తీగను గాడిలో నిలువుగా, అంటే సన్నని అంచు మీదకు వచ్చేలా నిలబెట్టి, చిన్న సుత్తితో కొద్దికొద్దిగా దింపండి. తీగ పైఅంచు కర్ర కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నప్పుడు ఆపాలి. తడి గుడ్డతో ఒక్కసారి అద్దితే కర్ర పీచు ఉబ్బి తీగను రెండు వైపులా కరిచి పట్టుకుంటుంది, జిగురు అవసరం రాదు. తరువాత ఆకురాయితో, ఆపైన ఉప్పుకాగితంతో మట్టంగా సాపు చేయాలి.

నమూనా విషయంలో ఒకే ఒక నియమం పెడతాను: తీగ ఏదీ 40 మిల్లీమీటర్ల కంటే పొడవుగా ఉండకూడదు. కర్ర తన పీచు పొడవునా ఎండకూ వానకూ దాదాపు మారదు, అందుకే కొలబద్దను ఎప్పుడూ పీచు వెంట కోస్తారు. లోహం అలా కాదు. 230 మిల్లీమీటర్ల రాగి తీగ 20 డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరులో పదమూడో వంతు దాకా సాగుతుంది, కర్ర మాత్రం దానితో పాటు అంతగా సాగదు. ఏటా వేసవిలో ఆ తగువు జరుగుతూ ఉంటే ఎక్కడో ఒక చోట తీగ పైకి లేస్తుంది. చిన్న ముక్కలైతే ఆ బాధ ఉండదు. చిన్న ఆకులు, చుక్కలు, ముగ్గులోని మెలికలు దీనికి చక్కగా సరిపోతాయి. మీ ఇంటి గుమ్మం ముందు వేసే చుక్కల ముగ్గునే తీసుకోండి, ఎక్కడో మొఘలు గోడల మీది లతకోసం వెతకనక్కరలేదు.

పొదుగు పూర్తయ్యాక బద్దను నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. ఆ తరువాత రెండవ పాఠంలోని తిరగవేత పరీక్ష మళ్లీ చేయండి. అంచు వంగే ఉంటుంది. నిరాశపడకుండా మళ్లీ చిత్రిక పట్టండి, ఇప్పుడు పోవడానికి గీతలేమీ లేవు.

ఇప్పుడు గీతల సంగతి. మన బద్ద మీద ఒక జాన కొలత పెడుతున్నాం. శాస్త్ర గ్రంథాల లెక్కలో 8 యవల, అంటే బార్లీ గింజల, వెడల్పు ఒక అంగుళం, 12 అంగుళాలు ఒక జాన, 24 అంగుళాలు ఒక మూర. మూరను నేటి లెక్కలో 18 ఇంచులుగా తీసుకుంటే జాన 228.6 మిల్లీమీటర్లు, పాత అంగుళం 19.05 మిల్లీమీటర్లు, యవ సుమారు 2.4 మిల్లీమీటర్లు అవుతాయి. మంచి స్టీలు స్కేలు నుంచి మీరు తీసుకోవలసిన కొలత ఒక్కటే, 9 ఇంచులు. మిగిలిన 95 గీతల స్థానాలనూ విభాగిని, అంటే రెండు మొనల డివైడరు, ఒక్కదానితోనే కనుక్కుంటాం. సున్న గీతను బద్ద చివరన పెట్టవద్దు, చివరలు అరుగుతాయి. 10 మిల్లీమీటర్లు లోపలికి జరిపి పెట్టండి.

విభాగినిని ఒక యవకు తెరిచి 96 సార్లు నడిపిస్తే పని అయిపోతుంది కదా అనిపించవచ్చు. కానీ ఆ తెరుపులో మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా ఉన్నా, ఏ కంటికీ కనిపించని ఆ తేడా 96 అడుగుల తరువాత దాదాపు 2 మిల్లీమీటర్లు అవుతుంది. చిన్నదాన్ని కూడుతూ పోతే తప్పు పెరుగుతుంది, పెద్దదాన్ని పంచుతూ పోతే తప్పు తరుగుతుంది. మన పాత కొలతలు ఎక్కువగా రెట్టింపుల్లో నడవడంలో కూడా ఇలాంటి సౌలభ్యమే ఉంది: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. దేన్నైనా సగం చేయడానికి పనిముట్టు అక్కరలేదు, తాడును మడిస్తే చాలు.

జానలో సగాలతో కుదరని మెట్టు ఒకే ఒకటి ఉంది, దాన్ని ముందే దాటేయాలి. మొత్తం పొడవును మూడు భాగాలు చేయండి. విభాగినిని అంచనాగా 76 మిల్లీమీటర్లకు తెరిచి, సున్న గీత నుంచి మొనను గుచ్చకుండా తేలికగా ఆనిస్తూ మూడు అడుగులు వేయండి. చివరి గీతకు 0.6 మిల్లీమీటర్లు తక్కువ పడిందనుకుందాం, అందులో మూడో వంతు, అంటే 0.2 మిల్లీమీటర్లు, తెరుపు పెంచి మళ్లీ నడిపించండి. మూడో ప్రయత్నానికి మొన గీతలో కూర్చుంటుంది. అప్పుడు మాత్రమే గట్టిగా గుచ్చాలి. ఆ తరువాత అన్నీ సగాలే: నాలుగంగుళాల భాగం రెండుగా, అది మళ్లీ రెండుగా చేస్తే అంగుళం, అంగుళాన్ని మూడు సార్లు సగం చేస్తే యవ. సగం కనుక్కోవడానికి విభాగినిని సగం కంటే కొంచెం తక్కువ తెరిచి రెండు చివరల నుంచీ ఒక్కొక్క గుర్తు పెట్టండి. మధ్యలో మిగిలే సన్నని సందుకు నడిమి ఎక్కడో కన్ను సులువుగా చెబుతుంది. అంత చిన్న చోట కన్ను పెద్దగా పొరబడదు.

గుర్తులన్నీ పెట్టాక, మూలమట్టాన్ని అంచుకు ఆనించి కత్తితో గీతలు కోయండి. అంగుళానికి 12 మిల్లీమీటర్లు, అర అంగుళానికి 8, యవకు 5 మిల్లీమీటర్ల పొడవు ఉంచితే చదవడం తేలిక. అయినా 12 ఒకే రకం గీతల్లో ఏడవది ఏదో ఎనిమిదవది ఏదో కన్ను తడబడుతుంది. మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన శంఖపు కొలబద్ద ముక్కను చేసినవాడికి కూడా ఈ ఇబ్బంది తెలుసు. దాని మీద 6.7 మిల్లీమీటర్ల ఎడంతో 9 గీతలు మిగిలి ఉన్నాయి, వాటిలో ఒక గీత దగ్గర చిన్న వృత్తం, అక్కడి నుంచి అయిదు భాగాలు దాటాక ఒక పెద్ద చుక్క ఉన్నాయి. లోథాల్‌లో దొరికిన దంతపు కొలబద్ద మీదైతే గీతలు ఇంకా దగ్గర, ఒకటికీ ఒకటికీ 1.7 మిల్లీమీటర్లే; మన యవ దాని కంటే పెద్దది కాబట్టి చేయి వణుకుతోందని ఫిర్యాదు చేయడానికి మనకు వీలు లేదు.

ఆ వృత్తం, చుక్కల పద్ధతిని మనమూ తీసుకుందాం. నాలుగో అంగుళం, ఎనిమిదో అంగుళం గీతల తలల మీద ఒక్కొక్క రాగి చుక్క పెట్టాలి. ఇది పొదిగే పనే అయినా గీతల తరువాత చేయవచ్చు, ఎందుకంటే చిన్న రంధ్రంలో దిగే చుక్క బద్దను వంచదు. 1 మిల్లీమీటరు రంధ్రం చేసి, తీగ ముక్కను దింపి, పైన కత్తిరించి సాపు చేయండి. చివరగా దీపపు మసిని నాలుగు చుక్కల అవిసె నూనెలో నూరి గీతల్లో వేలితో రుద్ది, పైన మిగిలినదాన్ని వెంటనే పొడి గుడ్డతో తుడవండి. మసి గీతల్లో నిలిచి, అంకుడు కర్ర తెలుపు మీద నల్లగా కనిపిస్తుంది. నూనె మరీ ఎక్కువైతే మసి పీచు వెంట పాకి గీత మీసాలు మొలిచినట్టు అవుతుంది. ముందుగా పనికిరాని ముక్క మీద ప్రయత్నించి చూడండి.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఈ బద్ద ఇంటి పనికీ వడ్రంగం పనికీ మాత్రమే. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో దేశంలో మెట్రిక్ పద్ధతి వచ్చింది, ఇప్పుడు 2009 నాటి చట్టం అమలులో ఉంది. ముద్ర లేని కొలబద్దతో, పాత కొలతలతో సరుకు అమ్మడం కుదరదు.

వచ్చే పాఠానికి ఈ జానతోనే కొలిచి మూలమట్టం ఒకటి చేస్తాం. ఎనిమిదంగుళాల టేకు ముక్క ఒకటి, అయిదంగుళాలది ఒకటి కోసి, రెంటినీ ఇంటిలోపలే గాలి తగిలే చోట పది రోజులు ఉంచండి. కోసిన రోజు వాటి వెడల్పును మీ కొత్త బద్దతో యవల్లో కొలిచి ముక్క మీదే రాయండి, పదో రోజు మళ్లీ కొలిచి పక్కన రాయండి. రెండు అంకెలూ వేరైతే పని మొదలుపెట్టకుండా ఇంకో పది రోజులు ఆగండి.