సినిమా చెప్పే మాట మీకు నచ్చకపోతే డైరెక్టర్‌తో ఎలా మాట్లాడాలి

అడ్వాన్స్ తీసుకుని, సగం షెడ్యూల్ అయిపోయాక "ఈ సినిమా చెబుతున్నది నేను ఒప్పుకునే మాట కాదే" అని అనిపించడం నటులకి కొత్తేం కాదు. చిన్న సినిమాల్లో ఇంకా ఎక్కువ. అక్కడ స్క్రిప్ట్ మొత్తం చేతికివ్వరు, కథ నోటితో చెప్పేస్తారు, క్లైమాక్స్ లొకేషన్‌లో కూర్చుని రాస్తారు. నేను నెల్లూరులో పరిషత్తు నాటకాలు ఆడుతూ మధ్యమధ్యలో ఇలాంటి సినిమాలు చేస్తుంటాను, ఒక సినిమాలో ఈ విషయం మీదే నాకూ డైరెక్టర్‌కీ గట్టిగా పడింది. అందులో తప్పుగా చేసినవీ సరిగ్గా చేసినవీ రెండూ చెబుతాను, మీకు పనికొస్తాయి.

అది సారా వ్యతిరేక ఉద్యమం మీద సినిమా. మన జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు, 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యత తరగతులకి వచ్చిన ఆడవాళ్ళు వాచకంలో ఒక పాఠం చదివి, మనమూ ఇట్టా చేస్తే ఏమవుద్ది అనుకుని సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే బయటికొచ్చింది. 1992లో సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకున్నారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నాది ఊళ్ళో ముందు నడిచే ఆడమనిషి పాత్ర. నాకు కథ చెప్పినప్పుడు అంగడి మూయించేది మేమే. లొకేషన్‌కి వెళ్ళాక చేతికొచ్చిన సీన్ పేపర్లో మాత్రం ఒక కుర్ర ఆఫీసర్ జీపులో దిగి, కుండలు పగలగొట్టి, మమ్మల్ని చూసి "ఇక భయపడకండమ్మా" అంటాడు. మేం దండం పెడతాం.

ఇలాంటిది ఎదురైనప్పుడు ముందు మీకు ఇబ్బందిగా ఉన్నది ఏంటో తేల్చుకోండి. చాలామంది డైలాగ్ దగ్గర ఆగిపోతారు, ఈ మాట నేను అనను అంటారు. డైలాగ్ మారుస్తారు, సినిమా మాత్రం అదే చెబుతుంది. సినిమా ఏం చెబుతోందో తెలియాలంటే ఒక తెల్లకాగితం తీసుకుని మీకు తెలిసిన ప్రతి సీన్‌కీ ఒక్క లైను రాయండి: పని ఎవరు చేస్తున్నారు, ఎవరు నిలబడి చూస్తున్నారు, జరిగిన తప్పుకి మూల్యం ఎవరు కడుతున్నారు, సీన్ ఎవరి మొహం మీద అయిపోతోంది. నేను ఇరవై రెండు సీన్లకి రాశాను. మొదటి పద్నాలుగింటిలో పని చేసేది ఆడవాళ్ళు, ఆఫీసర్ వచ్చినప్పటి నుంచి వాళ్ళు చూసేవాళ్ళు. అప్పటిదాకా ఏదో తేడాగా ఉందని మాత్రమే అనగలిగిన నేను, ఫలానా సీన్ నుంచి తేడా వచ్చిందని చెప్పగలిగాను.

ఇంకో సంగతి, పాత్ర చెడ్డది కావడం వేరు, సినిమా ఆ చెడ్డని మెచ్చుకోవడం వేరు. పెళ్ళాన్ని కొట్టే తాగుబోతు వేషం వస్తే వేయండి, బాగా వేయండి. అతను కొట్టాక ఆ ఇంట్లో ఏం జరిగిందో సినిమా చూపిస్తోందా, లేక పాట వేసి దాటేస్తోందా అన్నది చూడండి. ఈ తేడా మీకే స్పష్టంగా లేకపోతే "మీకు వేషం వేయడానికి మొహమాటం" అని కొట్టిపారేస్తారు.

ఇక ఎప్పుడు మాట్లాడాలి అన్నది. అసలు సమయం నెరేషన్ అప్పుడే, అంటే మీకు మొదట కథ చెప్పేటప్పుడే. "చివర్లో ఏమవుతుంది, ఎవరి వల్ల అవుతుంది" అని అడగండి, జవాబుని ఆ రోజే ఫోన్‌లో మెసేజ్‌గా పెట్టండి: "సార్, మీరు చెప్పింది నాకిలా అర్థమైంది, సరేనా" అని. నేను ఆ పని చేయలేదు, లొకేషన్‌లో ఒట్టి నోటి మాట మీద వాదించాల్సొచ్చింది. పైగా అందరి ముందు అడిగాను. లైటింగ్ అయిపోయింది, అరవై మంది నిలబడి ఉన్నారు, ఎండ దిగిపోతోంది, ఆ టెన్షన్‌లో ఏ డైరెక్టరైనా ఒకటే అంటాడు. "మీరు యాక్టింగ్ చూసుకోండక్కా, కథ నాకొదిలేయండి." అతని మీద ఇప్పుడు నాకు కోపం లేదు. యూనిట్ ముందు కాదన్న మాటని మళ్ళీ యూనిట్ ముందు అవుననడం ఎవరికైనా కష్టం, ఆ ఇరకాటంలోకి అతన్ని నెట్టింది నేనే.

కాబట్టి ప్యాకప్ అయ్యాక, లేదా పొద్దున టిఫిన్ దగ్గర, డైరెక్టర్ ఒక్కరే ఉన్నప్పుడు మాట్లాడండి. నేరుగా కుదరకపోతే కో-డైరెక్టర్‌తోనో డైలాగ్ రైటర్‌తోనో ముందు చెప్పండి, డైరెక్టర్ ఏ మాట వింటాడో వాళ్ళకి బాగా తెలుసు. నిర్మాత దగ్గరికి మాత్రం ముందే పోకండి, పోతే అది చాడీ అవుతుంది.

మాట్లాడేటప్పుడు "ఇది తప్పు సందేశం" అనకండి, ఆ మాట వినగానే ఎదుటివాళ్ళు సినిమాని కాపాడుకోవడం మొదలుపెడతారు. నటించేవాళ్ళుగా అడగండి. "ఆఫీసర్ కుండలు పగలగొడుతున్నప్పుడు నేనేం చేస్తుంటాను సార్?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి "చూస్తుంటారు" అన్నాడు. "పద్నాలుగు సీన్లు ముందు నడిచిన మనిషిని, ఇప్పుడెందుకు చూస్తూ ఉంటాను?" అన్నాను. ఆ ప్రశ్నకి జవాబు వెంటనే రాలేదు, కానీ ఆ రాత్రి రైటర్ నా రూముకి ఫోన్ చేశాడు.

మార్చమని అడిగితే ఎలా మార్చాలో కూడా మీరే పట్టుకెళ్ళండి. అదే లొకేషన్, అదే మనుషులు, అదే పూటలో అయ్యేలా ఉండాలి. ఇంకో రోజు కాల్షీట్ కావాలి, ఇంకో వంద మంది జనం కావాలి అంటే మీ మాట ఎంత మంచిదైనా మేనేజర్ దగ్గరే ఆగిపోతుంది.

ఆధారం కూడా ఉండాలి. మేం షూట్ చేస్తున్న ఊళ్ళో ఒక పెద్దావిడ రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేది. ఆర్ట్ వాళ్ళు తెచ్చిన కుండల వరస చూసి నన్ను పిలిచింది. "కుండలు యాడివమ్మా? అప్పుడు ప్యాకెట్లు గదా. గోనెసంచుల్లో ఏసుకొచ్చేవోళ్ళు." ఆ జీపేందని కూడా అడిగింది. నేను సీన్ చెప్పాను. ఆమె కొంగు సర్దుకుని, "మమ్మల్ని ఎవురూ తోడుకొని పోలా. మేమే పోయినాం" అంది. ఆమెని తీసుకెళ్ళి డైరెక్టర్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. నేను రెండు రోజులు చెప్పినదానికంటే ఆమె పది నిమిషాలు ఎక్కువ పనిచేసింది, మధ్యాహ్నానికి కుండలు పోయి ప్యాకెట్లొచ్చాయి. మీ కథ నిజంగా జరిగినదైతే అది జరిగిన ఊళ్ళో ఇలాంటి మనిషి తప్పకుండా ఉంటారు, వెతకండి.

అయినా ఒప్పుకోకపోతే "ఒక టేక్ మీ లెక్కలో, ఒక టేక్ నా లెక్కలో" అని అడగొచ్చు, చాలామంది సరే అంటారు. కానీ ఏది ఉంచాలో ఎడిటింగ్ టేబుల్ దగ్గర తేలుతుంది, అక్కడ మీరుండరు. 1998లో వచ్చిన అమెరికన్ హిస్టరీ ఎక్స్ సినిమాకి నటుడు ఎడ్వర్డ్ నార్టన్ ఎడిటింగ్‌లో కూర్చున్నాడు, దర్శకుడు టోనీ కే తన పేరు తీసేయమని గొడవ చేశాడు. అంత పెద్ద నటుడు కాబట్టి స్టూడియో నార్టన్ పక్షాన నిలబడింది. మనకి అలా జరుగుతుందనుకోకండి, మీకు అసలు ఇష్టం లేని టేక్ చేస్తే అదే సినిమాలో ఉంటుందని లెక్కేసుకునే చేయండి.

చట్టం గురించి కొంచెం. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 38బి సెక్షన్ వచ్చింది. మీ నటనని మీ పరువుకి నష్టం కలిగేలా వక్రీకరించినా మార్చేసినా అడ్డుకోవచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. అయితే ఎడిటింగ్ కోసమో నిడివి కోసమో కొంత తీసేస్తే అది దీని కిందికి రాదని అక్కడే వివరణ ఉంది. అంటే మీ సీన్ లేపేశారని ఈ సెక్షన్ పట్టుకుని కేసు వేయలేరు. అందుకే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు రెండు లైన్లు చేర్చమనండి: మీ పాత్ర ముగింపు మారిస్తే ముందుగా రాతపూర్వకంగా చెప్పాలని, మీ గొంతు మీరే డబ్బింగ్ చెప్పాలని. చిన్న నటులకి ఎవరిస్తారు అనుకుంటారు గానీ, రెండోది అడిగితే ఇస్తున్నారు.

డబ్బింగ్‌ని తేలిగ్గా తీసుకోకండి. మొహం కనపడని షాట్‌లో ఏ మాటైనా పడుతుంది. వీపు, దూరం నుంచి నడక, చీకటి, ఇవన్నీ అవకాశాలే. డబ్బింగ్‌కి వెళ్ళేముందు అలాంటి షాట్లు ఎన్ని ఉన్నాయో అసోసియేట్ డైరెక్టర్‌ని అడిగి తెలుసుకోండి.

అసలు వద్దనిపిస్తే షూటింగ్ మొదలవక ముందే వదిలేయండి, అడ్వాన్స్ తిరిగిచ్చేయండి. విడుదలయ్యాక చెబితే ఏమవుతుందో 2024లో చూశాం. కబీర్ సింగ్ చేసినందుకు చింతిస్తున్నానని నటుడు ఆదిల్ హుస్సేన్ అంటే, మీ మొహాన్ని ఏఐతో మార్చేస్తానని దర్శకుడు సందీప్ రెడ్డి వంగా బదులిచ్చాడు. ఇద్దరి మాటా జనం నాలుగు రోజులు పంచుకున్నారు, సినిమాలో ఒక్క ఫ్రేమ్ మారలేదు.

మా సినిమాలో ఆఫీసర్ ఉన్నాడు, జీపు కూడా ఉంది. దండం పెట్టే షాట్ తీసేశారు. ప్యాకెట్ల సంచులు మేమే రోడ్డు మీదికి ఈడ్చే సీన్ కొత్తగా తీశారు, జీపు ఆ తర్వాత వస్తుంది. చివర్లో మేం ఊళ్ళోకి నడిచిపోతుంటే వెనక నుంచి తీసిన షాట్ ఒకటుంది, వీపులు తప్ప ఏమీ కనపడవు. డబ్బింగ్‌లో ఆ షాట్ మీద ఆ పెద్దావిడ మాట చెబుతానని అడిగాను. డైరెక్టర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విని, "మూడోసారి ఇంకొంచెం మెల్లగా చెప్పండక్కా" అన్నాడు.