ఎసిడిటీకి ఆపరేషన్: ఒప్పుకునే ముందు, చేయించుకున్నాక

మాత్ర వేసుకుంటే మంట తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. ఏళ్ల తరబడి నాది ఇదే బాధ. ఆపరేషన్ బాగా పనిచేసేది కూడా ఇలాంటివాళ్లకే. మాత్రకు అస్సలు లొంగని మంటైతే, అది నిజంగా రిఫ్లక్సేనా, అంటే కడుపులోని యాసిడ్ పైకి ఎగదన్నడమేనా అని ముందు తేల్చుకోవాలి.

అందుకే పరీక్షలన్నీ కాకుండా డేట్ ఖాయం చేసుకోకండి. చాలామందికి ఎండోస్కోపీ ఒక్కటే సరిపోదు. పీహెచ్ పరీక్షలో ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, అన్నవాహికలోకి యాసిడ్ ఎంతసేపు వస్తోందో 24 గంటలు కొలుస్తారు. యాసిడ్ ఉన్న సమయం ఆ మొత్తంలో 6 శాతం దాటితే రిఫ్లక్స్ ఉన్నట్టే. దీనికి సాధారణంగా వారం ముందే పాంటోప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మాత్రలు ఆపమంటారు. మానోమెట్రీ ఇంకొకటి. గొట్టం ఉండగానే గుక్కగుక్కగా నీళ్లు తాగించి, అన్నవాహిక కండరాల బలం చూస్తారు. కళ్లమ్మట నీళ్లు కారతాయి, అయినా ఎగ్గొట్టకండి. అన్నవాహిక కింది కవాటం తెరుచుకోని అకలేసియాలోనూ ఛాతీలో మంట ఉండొచ్చు. రిఫ్లక్స్ అనుకుని వాళ్లకీ ఇదే ఆపరేషన్ చేస్తే మింగడం ఇంకా కష్టమవుతుంది.

ఆపరేషన్ పేరు ఫండోప్లికేషన్. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చివర చుట్టూ మఫ్లర్‌లా చుట్టి కుడతారు. హయటస్ హెర్నియా, అంటే జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం ఉంటే అదీ సరిచేస్తారు. రుడాల్ఫ్ నిస్సెన్ 1956లో ప్రకటించిన పద్ధతిలో చుట్టు పూర్తిగా ఉంటుంది. టూపే పద్ధతిలో 270 డిగ్రీలే. నాకు చేసింది ఇదే. మింగడంలో ఇబ్బంది, గ్యాస్ బాధ దీనిలో తక్కువ. మీకు ఏది, ఎందుకు అని సర్జన్ని సూటిగా అడగండి. బరువు బాగా ఎక్కువుంటే, బరువు తగ్గించే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ గురించి కూడా అడగండి. బరువు తగ్గడానికే జీర్ణాశయాన్ని కత్తిరించి సన్నగా చేసే స్లీవ్ ఆపరేషన్ మాత్రం రిఫ్లక్స్‌ని పెంచే అవకాశం ఉంది. కొన్నేళ్లకు కొందరు మళ్లీ మాత్రలకే వస్తారు, అదీ తెలిసే ఒప్పుకోండి.

ఆపరేషన్ అయ్యాక వికారంగా అనిపిస్తే ఆపుకోకుండా వెంటనే నర్సుకి చెప్పండి. వాంతి కోసం గట్టిగా ఓకరిస్తే కుట్లు తెగొచ్చు.

తర్వాత అసలు పరీక్ష తిండి దగ్గరే. మొదట ద్రవాలు, ఆపైన మెత్తగా మెదిపినవి, కొన్ని వారాలు ఇంతే. చిన్న ముద్ద పెట్టుకుని, పూర్తిగా నమిలి మింగి, అది దిగిందని తెలిశాకే రెండోది. తొందరపడితే రొమ్ము ఎముక వెనక ముద్ద పట్టేసినట్టుంటుంది, నోట్లో లాలాజలం ఊరుతుంది. అప్పుడు నీళ్లతో కిందికి నెట్టాలని చూడకండి. లేచి నిలబడి కాసేపు ఆగితే చాలావరకు దిగిపోతుంది. బ్రెడ్, గట్టి మాంసం అన్నిటికన్నా ఆఖర్న మొదలుపెట్టండి. సోడా, స్ట్రా, చూయింగ్ గమ్ వద్దు, ఎందుకంటే మింగిన గాలి త్రేన్పుగా తేలిగ్గా పైకి రాదు. కింది నుంచి మాత్రం ధారాళంగా పోతుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి! పెద్ద మాత్రలుంటే పొడి చేయొచ్చో లేదో అడగండి, కొన్నింటిని పొడి చేయకూడదు. బరువులు ఎప్పుడు ఎత్తొచ్చో సర్జన్ చెప్పేదాకా ఆగండి.

నీళ్లు కూడా దిగకపోయినా, జ్వరం, ఆయాసం, ఎక్కువయ్యే ఛాతీ నొప్పి వచ్చినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.