పెద్ద వయసు దంపతుల మిషన్ సేవ: దరఖాస్తు నుంచి ప్రయాణం దాకా

తెల్ల చొక్కా, నల్ల పేరుపట్టీతో ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్ళను చూసి మిషనరీ సేవ అంటే పడుచువాళ్ళ పనే అనుకుంటారు చాలామంది. మార్మన్లని లోకం పిలిచే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘములో రిటైరైన భార్యాభర్తలకు కూడా ఈ సేవ ఉంది. వాళ్ళు ఇంటింటికీ తిరిగి తలుపు తట్టనక్కర్లేదు. మిషన్ ఆఫీసులో లెక్కలు చూడొచ్చు, సంఘం దేవాలయంలో సేవ చేయొచ్చు, పాత దస్తావేజులను ఫొటోలు తీసి కుటుంబ చరిత్ర కోసం భద్రపరచొచ్చు, తాగునీరు, వైద్యం లాంటి సహాయ కార్యక్రమాలు నడపొచ్చు, కొత్తగా ఏర్పడిన చిన్న శాఖల నాయకులకు తోడుగా ఉండొచ్చు. కాలపరిమితి 6, 12, 18 లేదా 23 నెలలు.

హైదరాబాదులో ఈ సంఘం వేళ్ళూనుకోవడం వెనక ఉన్నది కూడా ఒక తెలుగు జంటే. సమోవాలో ఉంటూ బాప్తిస్మం తీసుకున్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో తక్కువ కాలపు మిషన్ మీద హైదరాబాదు వచ్చారు. బంధువులతో కలిపి 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ గారి తండ్రి బాప్టిస్టు పాస్టరు. ఈ సంఘం పవిత్ర గ్రంథమైన మార్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నది ఆయనే. 2012లో భారతదేశంలోని మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) హైదరాబాదులోనే ఏర్పడింది. అందుకే తెలుగు కుటుంబాల్లోని పెద్దలు ఈ విధానం సరిగ్గా తెలుసుకోవాలని నా కోరిక.

మొదటి మెట్టు కాగితం కాదు, మీ ఇద్దరి మధ్య మాట. భార్యాభర్తల్లో ఒకరికే మనసున్న దరఖాస్తును ముందుకు తోయకండి. ఇద్దరూ ఒప్పుకున్నాక మీ వార్డు (స్థానిక సంఘం) పెద్ద అయిన బిషప్పును, చిన్న శాఖ అయితే శాఖాధ్యక్షుడిని కలవండి. ఇంట్లో మీ మీద ఆధారపడిన చిన్నపిల్లలు ఉండకూడదు. ఇద్దరికీ చెల్లుబాటయ్యే దేవాలయ సిఫారసు (సంఘం దేవాలయంలోకి వెళ్ళడానికి ఇచ్చే అర్హత పత్రం) ఉండాలి. అప్పులుంటే తీర్చేసి ఉండాలి, లేదా మీరు లేనప్పుడు వాయిదాలు ఎలా కడతారో ఏర్పాటు చేసి ఉండాలి.

ఆ తర్వాత సంఘం వెబ్‌సైటులో సీనియర్ మిషనరీ అవకాశాల పట్టిక చూడండి. ఏ దేశంలో ఏ పనికి జంటలు కావాలో, ఏ భాష వస్తే మేలో అందులో ఉంటుంది. మీకు నచ్చినవి దరఖాస్తులో రాయొచ్చు. ఫలానా మిషన్ అధ్యక్షుడు (ఒక ప్రాంతంలోని మిషనరీల పెద్ద) మిమ్మల్ని అడిగి ఉంటే ఆ సంగతీ చెప్పొచ్చు. కానీ అది కోరిక మాత్రమే. చివరి నిర్ణయం సాల్ట్ లేక్ సిటీలో అపొస్తలులది. ‘మాకు అమెరికాలో మనవల దగ్గరే కావాలి’ అనుకుని బయలుదేరేవాళ్ళు ఇక్కడే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇల్లు కదలలేనివాళ్ళు ఇంట్లో ఉంటూనే సొంత ఊళ్ళో సేవా మిషన్ చేయొచ్చు. దాన్ని రెండో తరగతి సేవగా చూడనక్కర్లేదు.

మిషనరీ సిఫారసు ఫారం ఆన్‌లైనులోనే ఉంటుంది. సభ్యత్వ ఖాతాతో లాగిన్ కావాలి, బిషప్పు దాన్ని తెరిచి ఇస్తారు. చదువు, చేసిన ఉద్యోగాలు, వచ్చిన భాషలు, కంప్యూటరు, డ్రైవింగు, అన్నీ నింపాలి. మన పెద్దలు ఇక్కడ అణకువతో నష్టపోతారు. ముప్పై ఏళ్ళు కరెంటాఫీసులో లెక్కలు చూసినాయన ‘ఉద్యోగి, రిటైర్డ్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. వంద మందికి వండి వడ్డించగల ఆవిడ ‘గృహిణి’ అంటుంది. మీకు ఏ పని వచ్చో విడమర్చి రాయండి. మిమ్మల్ని ఎక్కడికి పంపాలో తేల్చేవాళ్ళు చూసేది దాన్నే.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. ఆధార్‌లో ‘కె. వెంకట రావు’, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, సంఘం రికార్డులో బాప్తిస్మం నాటి పేరు, ఇలా మూడు చోట్ల మూడు రకాలుగా ఉండటం మన దగ్గర మామూలే. ఆడవాళ్ళకు పుట్టింటి పేరు, అత్తింటి పేరు గొడవ దీనికి అదనం. పాస్‌పోర్టులో ఉన్నట్టే అన్నిచోట్లా ఉండేలా ముందే దిద్దించుకోండి. వీసాకు పెళ్ళి ధ్రువపత్రం అడిగే దేశాలున్నాయి. మీ పెళ్ళి రిజిస్టరు కాకపోయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకునేది ఆరోగ్యం ఫారాలు. భార్యకు వేరు, భర్తకు వేరు. డాక్టరు పరీక్షించి నింపాలి, పళ్ళ డాక్టరు విడిగా నింపాలి. పుచ్చిన పళ్ళు, కదిలే పళ్ళు, కట్టుడుపళ్ళ సర్దుబాట్లు బయలుదేరేలోపే చేయించుకోవాలి. కళ్ళలో శుక్లాలుంటే ఆపరేషను కూడా ముందే. వాడే ప్రతి మాత్ర పేరూ, మోతాదూ రాయాలి. షుగరుంది, స్టెంటు వేశారు, మోకాలు మార్చారు అంటే పంపరేమోనని దాచిపెట్టొద్దు. బీపీ, షుగరు అదుపులో ఉన్న జంటలు ఎందరో సేవ చేస్తున్నారు. నిజం రాస్తే గుండె డాక్టరు దగ్గర్లో ఉన్న ఊరు చూసి పంపుతారు. దాస్తే ఆ డాక్టరు కోసం ఆరుగంటలు ప్రయాణించాల్సిన చోట పడతారు. ఈ ఒక్క విషయంలో పిల్లలు పక్కన కూర్చుని నింపించడం మంచిది. అమ్మానాన్నలు మరిచిపోయిన ఆపరేషన్లు వాళ్ళకు గుర్తుంటాయి.

ఖర్చు సంగతికి వద్దాం. యువ మిషనరీల కుటుంబాలు నెలకు ఇంతని కడతాయి, ఎక్కడికి వెళ్ళినా ఒకటే. పెద్ద దంపతులకు అలా కాదు. అద్దె, తిండి, మందులు, బీమా, అన్నీ సొంత డబ్బుతోనే. 2011లో ఇంటి అద్దె భారం జంటకు నెలకు 1,400 డాలర్లు దాటకుండా సంఘం ఒక పరిమితి ప్రకటించింది. ఇప్పుడు ఎంతో దరఖాస్తు సమయంలో అడిగి తెలుసుకోండి. విదేశాల్లో 18 నెలలకన్నా తక్కువ కాలం అనుకుంటే రానూపోనూ టికెట్లు మీరే పెట్టుకోవాలని కూడా అప్పుడే చెప్పారు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌ను నమ్ముకుని బయలుదేరకూడదు. దేశం దాటితే అది సాధారణంగా పనిచేయదు, వేరే ఆరోగ్య బీమా తీసుకోవాల్సిందే. అలాగని అందులో డాక్టరు ఖర్చులకు సంబంధించిన పార్ట్ బీ ప్రీమియం ఆపేస్తే తిరిగొచ్చాక జరిమానా పడే అవకాశం ఉంది. విదేశంలో ఏడాదైనా స్వచ్ఛంద సేవ చేసి, ఆ కాలమంతా బీమా ఉన్నవాళ్ళకు మళ్ళీ చేరడానికి ప్రత్యేక గడువు ఉంది. ఏదైనా రద్దు చేసేముందు ఆ నిబంధనలు చదవండి. మన దేశంలోని పింఛనుదార్లు నవంబరులో ఇవ్వాల్సిన జీవన్ ప్రమాణ్ (బతికున్నట్టు ధ్రువపత్రం) గుర్తుపెట్టుకోవాలి. ముఖం చూపించి ఫోన్లోనే ఇవ్వొచ్చు, కానీ ఎలా చేయాలో వెళ్ళేలోపే ఒకసారి నేర్చుకోండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ము విదేశంలో పనిచేసేలా చూసుకోండి. ఇంటి పన్ను, అద్దె వ్యవహారాలకు నమ్మకమైన వాళ్ళ పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వండి.

ఫారాలు పూర్తయ్యాక బిషప్పు ఇంటర్వ్యూ చేస్తారు, తర్వాత స్టేకు అధ్యక్షుడు. విశ్వాసం, నడవడి, ఆరోగ్యం, డబ్బు, అన్నిటి గురించీ అడుగుతారు. ఆయన సమర్పించాక పిలుపు సంఘాధ్యక్షుడి పేర వస్తుంది. ఒకప్పుడు పెద్ద కవరులో తపాలాలో వచ్చేది, ఇప్పుడు ఆన్‌లైనులో తెరుచుకుంటుంది. అంగీకారం తెలపడం మరవొద్దు. వీసా పనిలో సంఘం ప్రయాణ విభాగం సాయపడుతుంది. పోలీసు క్లియరెన్సు అడిగితే పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా పెట్టుకోవాలి.

బయలుదేరేముందు స్టేకు అధ్యక్షుడు తలమీద చేతులుంచి మిమ్మల్ని సేవకు ప్రత్యేకపరుస్తారు. శిక్షణ పెద్దలకు చాలా క్లుప్తం. యూటాలోని ప్రోవో కేంద్రానికి వెళ్ళినవాళ్ళు సుమారు వారంలో బయటపడతారు. మిషన్‌లో మీకు కుర్రాళ్ళ కఠినమైన దినచర్య ఉండదు, పిల్లలతో ఎప్పుడైనా ఫోన్లో మాట్లాడుకోవచ్చు. ఇంట్లో పెళ్ళో, చావో వస్తే మిషన్ అధ్యక్షుడి అనుమతితో సొంత ఖర్చు మీద కొద్దిరోజులు వచ్చి వెళ్ళొచ్చు. గడువు ముగిసేముందు ఇంకొన్ని నెలలు ఉండాలనిపిస్తే, పొడిగింపు అడగాల్సింది కూడా ఆయన్నే.