రుబెల్లా రక్షణ ఉందో లేదో ర్యాపిడ్ కిట్‌తో చూసుకోవడం ఎలా?

అమలాపురం వైపు ఓ చిన్న ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. నెల తప్పాక వచ్చి రుబెల్లా చూడమనే అమ్మాయిలను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే అప్పుడు రక్షణ లేదని తేలినా టీకా వేయడానికి వీల్లేదు. ఈ పరీక్ష పెళ్లి కుదిరినప్పుడో, పిల్లల కోసం అనుకుంటున్నప్పుడో చేయించుకోవాలండీ. పెద్దవాళ్లకు రుబెల్లా అంటే రెండు మూడు రోజుల దద్దుర్లు, కాస్త జ్వరం, అంతే. అదే గర్భం మొదటి 12 వారాల్లో సోకితే బిడ్డకు చెవుడు, కంటిశుక్లం, గుండె లోపం రావచ్చు, ఆ ముప్పు 90 శాతం దాకా ఉంటుంది.

ముందు పాత టీకా కార్డు వెతకండి. 2017లో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకా వేశారు, పుదుచ్చేరి కిందికి వచ్చే యానాంలో ఫిబ్రవరిలో, పక్కనే ఉన్న మన ఆంధ్రలో ఆగస్టులో. అప్పటికే 15 దాటినవాళ్లకు, అప్పుడు వేయించుకోనివాళ్లకు ఈ పరీక్ష ముఖ్యం. "చిన్నప్పుడు తట్టు పోసిందిగా" అని అమ్మ అంటే అది లెక్కలోకి రాదు, తట్టు వైరస్ వేరు, రుబెల్లా వైరస్ వేరు.

ల్యాబ్‌లో ఐజీజీ అనే యాంటీబాడీని (వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే పదార్థం) చూసే కిట్టే అడగండి, పాత రక్షణను చెప్పేది అదే. ఐజీఎమ్ అనే ఇంకో యాంటీబాడీ ఈమధ్య సోకిందేమో చూడటానికి.

కిట్ ఫ్రిజ్‌లో ఉంటే కవరు విప్పకుండానే బయటపెట్టి, చల్లదనం పోయేదాకా ఆగాలి. మన దగ్గర గాలిలో చెమ్మ ఎక్కువ, వానాకాలంలో మరీను, కాబట్టి కవరు ముందే చించి పెట్టుకోకూడదు, అన్నీ సిద్ధమయ్యాకే చించాలి. రొయ్యల షెడ్లలో, కొబ్బరి పీచు పనిలో ఉన్న ఆడవాళ్లకు వేళ్ల చర్మం గట్టిపడి ఉంటుంది, గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగించి, ఉంగరపు వేలి పక్కగా గుచ్చితే రక్తం బాగా వస్తుంది. స్పిరిట్ ఆరాకే గుచ్చాలి, మొదటి చుక్క తుడిచేయాలి. కిట్‌లో ఇచ్చిన గొట్టంతో గీత దాకా రక్తం తీసి గుంటలో వేసి, కిట్ కాగితంలో చెప్పినన్ని చుక్కల బఫర్ (కిట్‌తో ఇచ్చే ద్రవం) కలపాలి. కొన్ని కిట్లకు వేలి రక్తం పనికిరాదు, సీరమే (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) కావాలి, ఆ కాగితం చదవకుండా మొదలుపెట్టొద్దు. ఫోన్‌లో టైమర్ పెట్టండి. చాలా కిట్లకు 15 నిమిషాలు, గడువు దాటాక కనిపించిన గీతను నమ్మకూడదు.

సి గీత రాకపోతే కిట్ పనిచేయలేదని అర్థం, కొత్తది తీయాలి. సి, జి (ఐజీజీ గీత) రెండూ వస్తే యాంటీబాడీలు ఉన్నట్టు. జి మరీ మసకగా ఉంటే ఎలైజా అనే ల్యాబ్ రక్తపరీక్ష చేయించండి, అందులో అంకె వస్తుంది, సాధారణంగా 10 యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ కిందే లెక్క. ఐజీఎమ్ కూడా చూసే కిట్‌లో ఎమ్ గీత వచ్చిందని టెన్షన్ పడొద్దు, అది తప్పుగా రావడం మామూలే, కానీ గర్భంతో ఉంటే మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

సి ఒక్కటే వస్తే రక్షణ లేనట్టు, గర్భం లేదని నిర్ధారించుకుని ఎమ్మెమ్మార్ టీకా (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపినది) వేయించుకుని, నెలరోజులు గర్భం రాకుండా చూసుకోండి. ఇప్పటికే కడుపుతో ఉంటే దద్దుర్లు, జ్వరం ఉన్నవాళ్లకు దూరంగా ఉండి, కాన్పు అయ్యాక ఆసుపత్రి నుంచి వచ్చేలోపే టీకా అడగండి, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు.