హైవే మీదికి కొత్త దారి: డెవలపర్, స్థానిక సంస్థ కలిసి ఖర్చు భరించేటప్పుడు దరఖాస్తు ఎలా చేయాలి

పెద్ద లేఅవుట్ వేసేవారికైనా, గోదామో ఆసుపత్రో కట్టేవారికైనా హైవే పక్కన స్థలం దొరికితే సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ స్థలంలోంచి వాహనం హైవే ఎక్కాలంటే అనుమతి కావాలి. దారి కట్టడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరు ఎంత పెట్టాలో తేలాలి. ఇలాంటి ఫైళ్లతోనే రోజంతా గడిపే మనిషిగా ఒక్కటి గట్టిగా చెబుతాను: ఎవరి వాటా ఎంతన్నది ట్రాఫిక్ స్టడీలోనే, అంటే ప్రాజెక్టు వల్ల రోడ్డు మీద రద్దీ ఎంత పెరుగుతుందో లెక్కవేసే అధ్యయనంలోనే, దాదాపు తేలిపోతుంది. బేరసారాలకు కూర్చునే నాటికి అందులో కదిలించగలిగేది చాలా తక్కువ. అందుకే ఇక్కడ ఆ దశ గురించి ఎక్కువ రాస్తున్నాను. చట్టాల పేర్లు, ఫారాల పేర్లు దేశాన్ని బట్టి మారతాయి గానీ పని నడిచే వరస ఇంచుమించు ఒకటే.

దరఖాస్తు ఎవరి పేరున వెళ్లాలి?

ముందు ఆ రోడ్డు ఎవరిదో చూసుకోండి. స్థానిక సంస్థ రోడ్డయితే అనుమతి ఇచ్చేదీ, ఖర్చు పంచుకునేదీ అదే. పై స్థాయి హైవే అయితే అనుమతి హైవే సంస్థ చేతిలో ఉంటుంది. స్థానిక సంస్థ మీతోపాటు దరఖాస్తుదారుగానో, సిఫారసు చేసేదిగానో నిలబడుతుంది.

భారతదేశంలో జాతీయ రహదారుల సంగతి 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ (భూమి, ట్రాఫిక్) చట్టం చూస్తుంది. హైవే అడ్మినిస్ట్రేషన్ అనుమతి లేకుండా వాహనంతో రహదారి ఎక్కే హక్కు ఎవరికీ లేదని అందులో ఉంది. ఇంగ్లండ్‌లో డెవలపర్ ఖర్చు మీద రోడ్డు పని జరగాలంటే 1980 హైవేస్ చట్టం 278వ సెక్షన్ కింద హైవే సంస్థతో ఒప్పందం కుదరాలి. అమెరికాలో రాష్ట్రాలను కలిపే పెద్ద హైవేలైన ఇంటర్‌స్టేట్ల దగ్గర షరతు ఇంకా గట్టిది. ఫెడరల్ హైవే శాఖ 2017 మేలో సవరించిన విధానం ప్రకారం కొత్త ప్రవేశం ప్రజా రోడ్డుకే కలవాలి, ప్రైవేటు స్థలంలోకి నేరుగా దిగకూడదు. వచ్చేపోయే అన్ని దిశలకూ దారి ఉండాలి. డెవలపర్ మొత్తం ఖర్చు నేనే పెడతానన్నా అక్కడ ఒంటరిగా దారి తెచ్చుకోలేడు. మధ్యలో నగరానిదో కౌంటీదో (మన జిల్లాలాంటిది) రోడ్డు ఉండాల్సిందే, ఫైలు రాష్ట్ర రవాణా శాఖ ద్వారానే పైకి వెళ్లాల్సిందే. స్థానిక సంస్థతో చేతులు కలపక తప్పనిది ఇందుకే.

దరఖాస్తుకు ముందు కలవడం

ఫారం నింపకముందే హైవే సంస్థ, స్థానిక సంస్థ ఇంజినీర్లను ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడండి. విడివిడిగా కలిస్తే ఒకరు ఒప్పుకున్నది ఇంకొకరికి తెలియదు, రెండు రకాల షరతులు మీ నెత్తిన పడతాయి. సైట్ ప్లాను, ఏ దశలో ఎంత కడతారో చెప్పే పట్టిక, తాజా సర్వే పటం, దగ్గర్లో ఉన్న కూడళ్ల దూరాలు పట్టుకెళ్లండి. దూరాలు ఎందుకంటే, ఒక దారికీ ఇంకో దారికీ మధ్య తగినంత ఎడం లేకపోతే అక్కడితోనే ఆగుతుంది. అమెరికాలో ఇంటర్‌చేంజ్‌ల (వాహనాలు హైవే ఎక్కి దిగే కూడళ్ల) మధ్య పట్టణాల్లో ఒక మైలు, గ్రామీణ ప్రాంతాల్లో రెండు మైళ్లు ఉండాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. సర్వీసు రోడ్డు ఉన్నచోట నేరుగా హైవేకే దారి కావాలని పట్టుబట్టకండి. సర్వీసు రోడ్డుకు కలుపుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదాలూ తగ్గుతాయి.

సర్వే పటం గురించి ఒక మాట. ఒక ఫైలులో డ్రాయింగులన్నీ సరిగ్గా ఉన్నాయి, స్టడీకి ఆమోదం కూడా వచ్చింది. తీరా హద్దురాళ్లు చూస్తే డెవలపర్ స్థలానికీ హైవే సరిహద్దుకీ మధ్య ఒక మీటరు వెడల్పున పట్టీలాంటి నేల మిగిలి ఉంది. పాత అమ్మకంలో మినహాయించినది, యజమాని వేరే. పటంలో అది గీత మందాన కూడా కనబడలేదు. ఆ మీటరు కొనేదాకా పని ముందుకు కదల్లేదు, ధర చెప్పే అధికారమంతా ఆ యజమానిదే అయిపోయింది. కాబట్టి మీ హద్దు, హైవే హద్దు ఒకే గీతని సర్వేయరు చేత సంతకంతో రాయించుకుని దరఖాస్తుకు జతచేయండి.

ట్రాఫిక్ స్టడీ: వాటా పుట్టేది ఇక్కడే

స్టడీ మొదలయ్యే ముందు దాని పరిధి ఏమిటో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఏయే కూడళ్లు చూడాలి, ఏ గంటలు లెక్కపెట్టాలి, ఎన్నేళ్ల తర్వాతి ట్రాఫిక్ అంచనా వేయాలి, ఇప్పటికే అనుమతి పొంది ఇంకా కట్టని ప్రాజెక్టుల్లో ఏవి కలపాలి అన్నవన్నీ ఆ లేఖలో ఉండాలి. రెండు పేజీల ఈ లేఖను చాలామంది కన్సల్టెంటుకే వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం దరఖాస్తులో అత్యంత ఖరీదైన రెండు పేజీలు అవే.

తర్వాత మీ ప్రాజెక్టు వల్ల రద్దీ గంటలో ఎన్ని రాకపోకలు పుడతాయో లెక్కవేస్తారు. అమెరికాలో వాడే ట్రిప్ జనరేషన్ మాన్యువల్ 11వ కూర్పు (2021) విడి ఇల్లు ఒక్కొక్కదానికి సాయంత్రపు రద్దీ గంటలో 0.94 రాకపోకలు చూపుతుంది. అంటే 500 ఇళ్లకు 470. వాటిలో ఎక్కువ భాగం ఇంటికి చేరేవే. అయితే ఈ రేట్లు అందరూ కార్లలో తిరిగే శివార్లలో లెక్కపెట్టి తీసినవి. బస్సులు, ద్విచక్ర వాహనాలు ఎక్కువగా తిరిగేచోట వాటిని గుడ్డిగా వాడితే లెక్క తప్పుతుంది. మీలాంటి ప్రాజెక్టులు ఒకట్రెండు ఎంచుకుని గేటు దగ్గర లెక్కపెట్టించడం మేలు. దుకాణ సముదాయాలకైతే ఇంకో మినహాయింపు అడగాలి: ఎలాగూ ఆ రోడ్డున పోతూ మధ్యలో ఆగి వెళ్లే వాహనాలు మీవల్ల కొత్తగా పుట్టినవి కావు.

ఇక వాటా. కాలిఫోర్నియా రవాణా శాఖ 2002 మార్గదర్శకాల్లో ఇచ్చిన సూత్రం చాలా తేలికైనది. రద్దీ గంటలో మీ ప్రాజెక్టు రాకపోకలను తీసుకుని, భవిష్యత్తు ట్రాఫిక్‌కూ నేటి ట్రాఫిక్‌కూ ఉన్న తేడాతో భాగిస్తే మీ వాటా వస్తుంది. ‘నేటి ట్రాఫిక్’ అంటే రోడ్డు మీద ఉన్నదానికి తోడు, అనుమతి పొంది ఇంకా కట్టని ప్రాజెక్టుల ట్రాఫిక్ కూడా.

ఒక ఊహా లెక్క చూద్దాం. రోడ్డు మీద ఇప్పుడు గంటకు 1,800 వాహనాలు, భవిష్యత్తు అంచనా 2,750. తేడా 950. మీ ప్రాజెక్టువి 380. భాగిస్తే 40 శాతం. ఇప్పుడు పరిధి లేఖలో, అనుమతి పొందిన పక్క ప్రాజెక్టు తాలూకు 200 వాహనాలను ‘నేటి ట్రాఫిక్’లో కలపాలని ఒక్క వాక్యం చేరిందనుకోండి. 1,800 కాస్తా 2,000 అవుతుంది, తేడా 750కి దిగుతుంది. అవే 380 వాహనాలకు మీ వాటా 50.7 శాతానికి ఎక్కుతుంది. మీ స్థలంలో ఒక్క ఇటుక పెరగలేదు, రోడ్డు మీదికి ఒక్క బండి అదనంగా రాలేదు. అయినా వాటా 10.7 శాతం పాయింట్లు పైకి లేచింది. ఆ వాక్యం తప్పని నేననడం లేదు. పక్క ప్రాజెక్టు తన వాటా కట్టేస్తే, ఆ డబ్బు ఇదే పనికి జమ అవుతోందా అని అడగాలి. అవుతుంటే ముందు దాన్ని మొత్తం ఖర్చులోంచి తీసేసి, మిగిలినదానికి మీ శాతం వేయమనాలి.

స్థానిక సంస్థ వైపు కూర్చున్నవారికీ ఇదే ముఖ్యం. తక్కువ వాటా ఒప్పుకుంటే మిగతాది పన్ను కట్టే జనం మీద పడుతుంది. ఎక్కువ వేస్తే కోర్టులో నిలవదు. ఫ్లోరిడా చట్టం ప్రకారం, రోడ్డుకు ముందునుంచీ ఉన్న లోటును పూడ్చే ఖర్చు దరఖాస్తుదారు మీద మోపకూడదు. అమెరికా సుప్రీంకోర్టు 1994లో టిగార్డ్ నగరం కేసులో, నగరం అడిగేది ప్రాజెక్టు ప్రభావానికి ఇంచుమించు తగినంతే ఉండాలని చెప్పింది. 2024లో ఎల్ డొరాడో కౌంటీ కేసు వచ్చింది. ఇల్లు పెట్టుకోవడానికి అనుమతి అడిగిన ఒకరి మీద కౌంటీ 23,420 డాలర్ల ట్రాఫిక్ ఫీజు వేసింది. చట్టసభ నిర్ణయించిన ఫీజయినంత మాత్రాన ఆ పరీక్ష నుంచి తప్పించుకోలేదని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఇంగ్లండ్‌లో 2010 నిబంధనల్లో మూడు షరతులున్నాయి: అడిగేది ప్లానింగ్ పరంగా అవసరమై ఉండాలి, ఆ ప్రాజెక్టుకు నేరుగా సంబంధించాలి, పరిమాణంలో న్యాయంగా ఉండాలి. స్థానిక సంస్థ ఇంజినీరు తన నోట్‌ఫైలులో ఈ మూడింటికీ మూడు పేరాలు రాసుకుంటే తర్వాత ఎవరు ప్రశ్నించినా జవాబు చేతిలో ఉంటుంది.

ఒప్పందంలో ఏముండాలి

శాతం మీద అందరి చూపూ ఉంటుంది గానీ, శాతం దేని మీద అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. సివిల్ పనితోపాటు భూసేకరణ, కరెంటు స్తంభాలు, నీటి పైపులు జరపడం, డిజైన్ ఫీజు, పర్యవేక్షణ ఖర్చు, పని జరిగేటప్పుడు ట్రాఫిక్ మళ్లింపు ఇవన్నీ ‘ఖర్చు’ కిందికి వస్తాయో రావో రాయాలి. భూమిని మీరే ఇస్తుంటే దాని విలువ మీ వాటాలో జమ అవుతుందని కూడా రాయించుకోండి. టెండరు అంచనా దాటితే ఎవరు భరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేని ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

చాలాసార్లు డెవలపర్‌కి తొందర ఎక్కువ, స్థానిక సంస్థకు బడ్జెట్ తక్కువ. అప్పుడు డెవలపరే మొత్తం పెట్టి కట్టేసి, తర్వాత అదే దారి వాడుకునే కొత్త ప్రాజెక్టుల నుంచి వాటా వెనక్కి రాబట్టుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర చట్టం దీనికి 15 ఏళ్ల గడువు ఇస్తుంది. కెనడాలో ఒంటారియో 1997 చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటుంది. ఇది ఎంచుకుంటే ఏయే స్థలాలు ఆ పరిధిలోకి వస్తాయో పటం జతచేసి, ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించండి. లేకపోతే అయిదేళ్ల తర్వాత పక్క స్థలం కొన్నవారు ‘మాకు తెలియదు’ అంటారు, వారి మాటలో న్యాయం కూడా ఉంటుంది.

కట్టాక నిర్వహణ ఎవరిది అన్నది ఇంకో అంశం. సిగ్నళ్లు, వీధి దీపాలు, వంతెన ఉంటే హైవే సంస్థ భవిష్యత్తు నిర్వహణ కోసం ఒకేసారి కొంత మొత్తం అడగవచ్చు. ఇంగ్లండ్‌లో ఇది మామూలే. దాన్ని చివర్లో వచ్చే చిన్న పద్దు అనుకోకుండా మొదటి అంచనాలోనే చేర్చుకోండి.

డ్రాయింగులు, గ్యారంటీ, పని

ఒప్పందం ముసాయిదా నడుస్తుండగానే పూర్తి డ్రాయింగులు ఇవ్వాలి. వేగం తగ్గించుకునే లేను, వేగం అందుకునే లేను, డివైడరు, గుర్తులు, లైట్లు అందులో ఉంటాయి. డ్రైనేజీ మీద ప్రత్యేకంగా కన్నేయండి. హైవే అంచున పాత కాలువ మూసి దారి వేసి, కింద చాలినంత కల్వర్టు పెట్టకపోతే వానాకాలంలో నీళ్లు రోడ్డెక్కుతాయి.

పని మధ్యలో ఆగిపోతే పూర్తిచేయడానికి సరిపడా బ్యాంకు గ్యారంటీ అడుగుతారు. స్థానిక సంస్థ వాటా ఎలా వస్తుందో కూడా చూసుకోండి. కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలదు. ఆ ఏడాది బడ్జెట్‌లో పద్దు ఉండాలి, వీలైతే ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరేదాకా మూడో పక్షం చేతిలో ఉండే ఖాతాలో) జమ కావాలి. గ్యారంటీ, తీర్మానం, సంతకాలైన ఒప్పందం, రోడ్డు భద్రతా ఆడిట్ నివేదిక జతపడ్డాకే పని మొదలుపెట్టే ఉత్తర్వు వస్తుంది. అది చేతికి రాకముందు హైవే హద్దులో పలుగు కూడా దించకూడదు.

అప్పగింత

పని అయ్యాక సంయుక్త తనిఖీ, లోపాల జాబితా, సవరణలు, ఆ తర్వాత పూర్తయినట్టు ధ్రువపత్రం. ఇంగ్లండ్‌లో దారి తెరిచాక 12 నెలల ప్రమాద వివరాలు సేకరించి మరోసారి భద్రతా ఆడిట్ చేస్తారు. లోపాలు బయటపడితే మీరే సరిచేయాల్సిన గడువు ముగిసేదాకా గ్యారంటీలో కొంత భాగం హైవే సంస్థ దగ్గరే ఉంటుంది. గడువు తేదీని క్యాలెండరులో రాసుకుని, నెల ముందే చివరి తనిఖీకి లేఖ పెట్టండి. తనిఖీలో సంతకాలయ్యాక కట్టినట్టు చూపే డ్రాయింగులు, వాటా ఖర్చుల తుది లెక్క ఇచ్చి, మిగిలిన గ్యారంటీ విడుదల చేయమని అదే రోజు రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి.