దుమ్ము పట్టిన ఆకులకు తడిగుడ్డ

అనంతపురంలో ఎండాకాలం గాలి లేచిందంటే వరండాలోని మనీప్లాంట్, రబ్బరు మొక్క ఆకుల మీద ఎర్రదుమ్ము పొరలా పేరుకుంటుంది. నీళ్లు పోస్తున్నా మొక్క డల్‌గానే ఉంటుంది. ఎరువు ప్యాకెట్ కొనేముందు ఆకులు తుడిచి చూడండి. ఆకు ఆహారం తయారు చేసుకునేది వెలుతురుతోనే, దుమ్ము దాన్నే అడ్డుకుంటుంది.

పొద్దున్నే అర లీటరు నీళ్లలో పాత నూలుగుడ్డ ముంచి గట్టిగా పిండండి. ఆకు కింద అరచేయి ఆనించి, కాడ నుంచి కొస వరకు మెల్లగా తుడవండి. అడుగు వైపు కూడా వదలొద్దు. గాలి పీల్చే సన్నటి రంధ్రాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి, పిండినల్లి దాక్కునేదీ అక్కడే. నీళ్లు ఎర్రబడగానే మార్చేయండి. మన బోరు నీళ్లతో తుడిస్తే ఆరాక తెల్లటి మరకలు మిగులుతాయి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టుకుంటే ఆ బెడద ఉండదు. పది, పదిహేను రోజులకోసారి చాలు. మెరుపు కోసం కొబ్బరినూనె మాత్రం రాయకండి, రంధ్రాలు మూసుకుపోతాయి.

వాము ఆకులాగా నూగు ఉన్న ఆకులకు ఈ పద్ధతి పనికిరాదు, తడి నిలిచి మచ్చలు పడతాయి. వాటిని పొడి బ్రష్‌తో దులపండి.