నీటిలో తమంతట తామే కూడుకునే రంగురంగుల నానోకణాలను తయారుచేసే విధానం

ఒకే అతినీలలోహిత దీపం కింద నీలం, ఆకుపచ్చ, ఎరుపు కాంతులు వెదజల్లే నానోకణాలకు ఇక్కడ ఆధారం టెట్రాఫెనైల్ ఇథిలీన్ అనే కర్బన పదార్థం. ఇది కరిగి ఉన్నప్పుడు దీని ఫెనైల్ వలయాలు (ఆరు కార్బన్ల ఉంగరాలు) కదలుతూ, గ్రహించిన శక్తిని వేడిగా పోగొడతాయి. అణువులు ఒత్తుగా గుంపుకట్టినప్పుడు ఆ కదలికకు చోటు లేక అదే శక్తి నీలి కాంతిగా వెలువడుతుంది. 2001లో రసాయన శాస్త్రవేత్త బెన్ జాంగ్ టాంగ్ బృందం సైలోల్ అనే సిలికాన్ ఉన్న కర్బన పదార్థంలో గమనించి వెల్లడించిన ప్రవర్తన ఇదే.

ముందుగా 3.3 మిల్లీగ్రాముల టెట్రాఫెనైల్ ఇథిలీన్‌ను 10 మిల్లీలీటర్ల టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో కరిగిస్తే ఒక మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వెయ్యో వంతు) ద్రావణం వస్తుంది. ఈ ద్రావణి త్వరగా మండుతుంది, నిల్వలో పేలుడు స్వభావం గల పెరాక్సైడ్లను ఏర్పరుస్తుంది. కాబట్టి పెరాక్సైడ్ పరీక్ష చేసిన సీసానే తీసుకుని, పనంతా ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్‌హుడ్‌లోనే చేయాలి. ఆకుపచ్చకు కౌమరిన్-6 అనే కాంతినిచ్చే రంగును, ఎరుపుకు అలాంటిదే మరో రంగైన నైల్ రెడ్‌ను ఇదే గాఢతతో వేర్వేరు సీసాల్లో కరిగించి ఉంచుకోవాలి. గాఢతలు సమానం కనుక, ఒక మిల్లీలీటరు ఆధార (టెట్రాఫెనైల్ ఇథిలీన్) ద్రావణానికి 10 మైక్రోలీటర్ల రంగు ద్రావణం కలిపితే దాదాపు ఒక శాతం అవుతుంది. అంత తక్కువ రంగును నేరుగా తూచడం కుదరని పని.

రంగు నిర్ణయమయ్యేది ఇక్కడే, నీటిలో కాదు. రంగు అణువు ఆధార అణువులతో పాటు ఒకే కణంలో చిక్కుకుంటేనే వాటి మధ్య దూరం కొద్ది నానోమీటర్లకు తగ్గి, శక్తి ఒకదాని నుంచి మరొకదానికి చేరుతుంది; దూరం పెరిగితే ఈ బదిలీ వేగం దాని ఆరో ఘాతం చొప్పున పడిపోతుంది. అందువల్ల నీలి కణాలను, రంగు కణాలను విడివిడిగా చేసి తరువాత కలపడం వల్ల ప్రయోజనం లేదు. మరింత రంగు వేస్తే మరింత వెలుగు వస్తుందనుకోవడమూ పొరపాటే. కొన్ని శాతాలు దాటితే రంగు అణువులే ఒకదాని కాంతిని మరొకటి అణచివేస్తాయి. తెలుపు కోసం రెండు రంగులనూ 0.1 శాతం దగ్గర మొదలుపెట్టి, నీలం పూర్తిగా అణగకముందే ఆపాలి.

తరువాత 0.2 మైక్రోమీటర్ల వడపోతతో శుభ్రపరచిన 9.5 మిల్లీలీటర్ల డీఅయొనైజ్డ్ (అయాన్లు తొలగించిన) నీటిని వేగంగా కలుపుతూ, సిరంజి సూది కొనను నీటిలో ముంచి, ఆధార, రంగు ద్రావణాల మిశ్రమాన్ని అర మిల్లీలీటరు ఒక్క ఊపులో చిమ్మాలి; నీటిలో కరగని అణువులు అప్పుడు తమంతట తామే కణాలుగా కూడుకుంటాయి. చుక్కలుగా వేస్తే కణాలు పెద్దవై, పరిమాణాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. ద్రవం తేటగా ఉంటూ పక్కనుంచి చూస్తే పలుచని నీలిపొగలా కనిపించడం మంచి గుర్తు; తెల్లని రేణువులు అడుగుకు చేరితే ఆ నమూనాను పారబోయడమే మేలు. మిగిలిన ద్రావణిని నైట్రోజన్ బుడగలు పంపి తొలగించవచ్చు.

దీపం కింద చూసేటప్పుడు అతినీలలోహిత రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. నైల్ రెడ్‌ను మాత్రమే నీటిలో చిమ్మిన నమూనా ఒకటి పక్కన ఉంచాలి; అది దాదాపు వెలగదు కనుక, అసలు నమూనాలో కనిపించే ఎరుపు కాంతి కణాల లోపలి నుంచే వస్తోందని తేలుతుంది. వెలువడే కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా కొలిచే స్పెక్ట్రోఫ్లోరిమీటరులో 340 నానోమీటర్ల వద్ద ఉత్తేజితం చేసినప్పుడు, రంగు శాతం పెరిగేకొద్దీ 470 నానోమీటర్ల పరిసరాల్లోని నీలి శిఖరం తగ్గాలి. కణాల పరిమాణాన్ని, అవి చెదరగొట్టే కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి లెక్కించే డైనమిక్ లైట్ స్కాటరింగ్‌తో నీటిలోనే కొలవడం ఉత్తమం, ఎందుకంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోసం ఎండబెట్టినప్పుడు అవి ఒకదానికొకటి అంటుకోవచ్చు. కణాలు కాలక్రమంలో పెరిగి మబ్బుగా మారతాయి గనుక కొలతలన్నీ తయారైన రోజే పూర్తిచేయాలి.